వ్యాసం పంపే ముందు

అమ్మాయీ,

వ్యాసాల పోటీకి నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. పోటీ ఒక గొప్ప సాహిత్య పాత్రికేయుడి పేరు మీద పెట్టారు కాబట్టి మొదటి పేరా అంతా ఆయన్ని పొగిడావు. ఆ పేరా తీసెయ్. ఆయన పనిచేసిన పద్ధతిలో, అంటే నిజంగా జరిగినదాన్ని కథలా కళ్ళకు కట్టేట్టు, నువ్వూ రాస్తే అంతకంటే గౌరవం ఏముంటుంది?

ఆ పద్ధతికి దారి వేసినవాళ్ళలో అమెరికన్ విలేకరి జాన్ హెర్సీ ఒకరు. ఆయన 'హిరోషిమా' చదువు. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ పత్రిక సంచిక మొత్తం ఆ ఒక్క రచనకే ఇచ్చేశారు. అణుబాంబు గురించి రాస్తూ మృతుల లెక్కతో మొదలుపెట్టలేదాయన. బాంబు పేలిన క్షణాన తోషికో ససాకి అనే గుమాస్తా ఆఫీసులో తన సీట్లో కూర్చుని, పక్కనున్న అమ్మాయితో మాట్లాడబోతూ తల తిప్పుతోంది. ఒక డాక్టరు వరండాలో పేపరు చదవడానికి కూర్చుంటున్నాడు. ఒకావిడ వంటింటి కిటికీలోంచి, పక్కింటాయన తన ఇల్లు తనే కూల్చుకోవడం చూస్తోంది. కాసేపటికి పుస్తకాల బీరువాలు మీద పడి ససాకి కాలు విరిగిపోతుంది. రచయిత ఎక్కడా 'అయ్యో' అనరు, మన చేత అనిపిస్తారు. అలాంటి ఆరుగురిని కలిసి, అడిగి రాబట్టిన వివరాలవి.

ఇప్పుడు నీ వ్యాసం చూడు. నాన్నగారి ఉద్యోగం పోయిన రాత్రి, 'అమ్మ కళ్ళలో కన్నీటి సముద్రం' అన్నావు. అప్పుడు అమ్మ చేతిలో ఏముంది? లైటు వేసి ఉందా? నాన్నగారు చెప్పులు విప్పారా, అలాగే కూర్చుండిపోయారా? గుర్తు లేకపోతే అమ్మకి ఫోన్ చెయ్. తమ్ముణ్ణి విడిగా అడుగు. ఇద్దరూ చెరో రకంగా చెబితే టెన్షన్ పడకు, ఆ తేడానే రాయి. నాకైతే ఈ వ్యాసానికి ప్రాణం అక్కడే దొరుకుతుందనిపిస్తోంది.

ఇంకొకటి. నాన్నగారి మాటలు రెండు పేరాల పొడవునా కొటేషన్లలో పెట్టావు. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. అంత మాట పొల్లు పోకుండా ఎలా గుర్తుంటుంది? హెర్సీ 1980లో ఈ విషయం మీదే గట్టిగా రాశారు. విలేకరికి లైసెన్సంటూ ఉంటే దాని మీద 'ఇందులో ఏదీ కల్పించింది కాదు' అని ఉండాలన్నారు. సొంత జీవితం రాసేటప్పుడు కూడా నాకదే నియమం. కచ్చితంగా గుర్తున్న ఒక్క వాక్యం ఉంచి, మిగతాది నీ మాటల్లో చెప్పు.

పంపే ముందు నాన్నగారికి చూపించు. ఇబ్బంది పడతారేమో, అయినా చూపించు. ఎక్కడైనా వద్దంటే ఎందుకో అడుగు. పదాల పరిమితి దాటితే చివరి పేరా కొట్టెయ్, అందులో నీతి తప్ప ఏమీ లేదు. తిరగరాసింది నాకు పంపు, అందిన రోజే చదువుతాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు