రోరీ గాలహర్‌ని ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

"రోరీ గాలహర్ అంత గొప్ప గిటారిస్ట్ అయితే మన దగ్గర ఆ పేరు ఎందుకు వినపడదు? వినాలంటే దేనితో మొదలుపెట్టాలి?" అని అడిగారు.

'ఐరిష్ టూర్ '74' అనే లైవ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. స్టూడియో రికార్డులు తర్వాత వినొచ్చు.

నేను ఐర్లాండ్‌లోని కార్క్‌లో మూడేళ్లు ఉద్యోగం చేశాను. రోరీ పెరిగింది ఆ ఊళ్లోనే. ఊరి మధ్యలో ఆయన పేరుతో ఒక చిన్న కూడలి, అక్కడొక కంచు శిల్పం ఉన్నాయి. కూరగాయల సంచీతో ఏడాదిపాటు దాని పక్కనుంచే నడిచాను, ఎవరో ఏమిటో తెలుసుకోలేదు. ఒక రోజు ఆఫీసులో ఒక పెద్దాయన ఈ రికార్డు వినమని ఇచ్చాడు. ఆ రాత్రి రెండుసార్లు విన్నాను.

కథ ఒక గిటార్‌తో మొదలవుతుంది. 1963లో, పదిహేనేళ్ల వయసులో, కార్క్‌లోని ఒక మ్యూజిక్ షాపులో సెకండ్ హ్యాండ్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్‌ని వంద పౌండ్లకి వాయిదాల మీద కొన్నాడు. చివరిదాకా ఆయన చేతిలో ఎక్కువగా కనిపించేది అదే. చెమటకి రంగంతా ఊడిపోయి లోపలి చెక్క బయటపడింది. ఫోటోల్లో చూడండి, అక్కడక్కడా మాత్రమే రంగు మిగిలి ఉంటుంది. 2024లో లండన్ వేలంలో దానికి దాదాపు 8.89 లక్షల పౌండ్లు పలికింది. కొన్నవాళ్లు ఐర్లాండ్ నేషనల్ మ్యూజియంకి ఇచ్చారు. ఇంకెవరి ఇంటి గోడకో చేరనందుకు నాకు నిజంగా సంతోషం వేసింది.

1966లో కార్క్‌లోనే 'టేస్ట్' బ్యాండ్ పెట్టాడు. ముగ్గురే. 1968లో మిగతా ఇద్దరూ మారి, బాస్‌కి రిచర్డ్ మెక్‌క్రాకెన్, డ్రమ్స్‌కి జాన్ విల్సన్ వచ్చారు. 1970లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో రోరీ శాక్సాఫోన్ కూడా వాయించాడు. ఆ ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ ఫెస్టివల్‌లో జనాన్ని ఊపేశారు, కానీ ఆ ఏడాది చివరికల్లా విడిపోయారు. ఆ తర్వాత రోరీ సొంత పేరుతో, బాస్‌లో జెర్రీ మెకవోయ్‌తో, ఏళ్ల తరబడి తిరిగాడు.

ఇక పేరు సంగతి. ఆయనకి సింగిల్స్, అంటే ఒక్కో పాటని విడిగా, విడుదల చేయడం ఇష్టం లేదు. సింగిల్ లేకపోతే రేడియోలో మోగదు, రేడియోలో మోగకపోతే మనదాకా రాదు. 1975లో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ కొత్త గిటారిస్ట్ కోసం చూస్తూ పిలిస్తే రాటర్‌డ్యామ్ వెళ్లి వాళ్లతో వాయించాడు. అప్పటికే జపాన్ టూర్ ఒప్పుకుని ఉన్నాడు, అటు వెళ్లిపోయాడు. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్న రోజుల్లో చాలా బ్యాండ్లు అటు వైపు వెళ్లడానికే భయపడేవి. రోరీ మాత్రం ఏటా వెళ్లి వాయించాడు. నేను చెప్పిన రికార్డులో కొంత భాగం అక్కడిదే. ఆ జనం కేకలు వినండి, నా మాట మీకే అర్థమవుతుంది. 1995 జూన్ 14న, కాలేయ మార్పిడి తర్వాత లండన్‌లో చనిపోయాడు. 47 ఏళ్లే.

మీరు గిటార్ వాయిస్తే ఒక మాట. ఆ సౌండ్ కోసం నేను మూడు పెడల్స్ కొన్నాను, రాలేదు. తర్వాత వీడియోలో ఆయన కుడిచేతి చిటికెన వేలు చూశాను. వాయిస్తూనే వాల్యూమ్ నాబ్‌ని తిప్పుతూ ఉంటుంది. పాడేటప్పుడు తగ్గిస్తాడు, సోలో రాగానే పెంచుతాడు. ఆంప్‌ని మాత్రం ముట్టుకోడు. పెడల్స్ తీసేసి వారం రోజులు ఆ వేలితోనే ప్రాక్టీస్ చేశాను. అప్పుడు కొంచెం దగ్గరికి వచ్చింది.