ఏ ఏడాది జోర్డాన్ కావాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. పాతవాళ్లు గొప్పా, ఇప్పటి కుర్రాళ్లు గొప్పా? అందరూ బాస్కెట్‌బాల్ ఫాంటసీ డ్రాఫ్ట్ (నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని, వాళ్ల అంకెలతో పోటీపడే ఆట) పేరు చెప్పి కొట్టుకుంటున్నారు కాబట్టి వాటినే ముందు వేసుకున్నాను. ఎత్తు పెరగడానికి ఏం తినాలని అడిగిన ముగ్గురూ వచ్చే సంచిక దాకా ఆగాలి.

ప్రశ్న: మేడమ్, మేం పదిమంది స్నేహితులం. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చరిత్ర మొత్తం మీద ఫాంటసీ డ్రాఫ్ట్ పెట్టుకున్నాం. మొదటి వంతు వచ్చినవాడు మైకేల్ జోర్డాన్‌ని తీసుకున్నాడు. రెండో వంతు నాది. నేను విక్టర్ వెంబన్యామా అన్నాను. తొమ్మిదిమందీ పగలబడి నవ్వారు. "హకీం ఒలాజువన్ ఉండగా ఈ కుర్రాడేంట్రా" అని ఇప్పటికీ ఏడిపిస్తున్నారు. అంత తప్పు చేశానా?
– రెండో వంతు బాధితుడు

జవాబు: నవ్వినవాళ్లను ఒక్క మాట అడగండి. మీ డ్రాఫ్ట్‌లో ఒక ఆటగాణ్ని తీసుకుంటే మీ చేతికి వచ్చేది ఏమిటి? అతని ఒక్క సీజనా, కెరీర్ మొత్తమా, లేక ఇవాళ్టి నుంచి ఆడబోయే ఆటా? మీ ఉత్తరంలో ఈ సంగతే లేదు. మీవాళ్లు కూడా అనుకుని ఉండరని నా అనుమానం.

ఇకపై ఆడబోయేదే లెక్క అంటే గెలుపు మీదే. 1963లో పుట్టిన జోర్డాన్ ఇప్పుడు మీవాడికి ఒక్క పాయింటు కూడా తెచ్చిపెట్టడు.

కెరీర్ మొత్తం లెక్క అయితే మాత్రం మీవాళ్లు నవ్వడంలో తప్పులేదు. ఒలాజువన్ 1,238 మ్యాచ్‌లు ఆడాడు. అతని 3,830 బ్లాకుల (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం) రికార్డు దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. వెంబన్యామా మొదటి రెండు సీజన్లూ కలిపితే 71, 46, మొత్తం 117 మ్యాచ్‌లు. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టి రెండో సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు.

ఒక్క సీజనే లెక్క అయితే సంగతి రసకందాయంలో పడుతుంది. 1989–90లో ఒలాజువన్ సగటు 24.3 పాయింట్లు. 2024–25లో వెంబన్యామా సగటు కూడా సరిగ్గా 24.3. రీబౌండ్లలో (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) ఒలాజువన్ 14, ఇతను 11. బ్లాకులు 4.6కి 3.8. స్టీల్స్ (బంతి లాక్కోవడం) కూడా ఒలాజువన్‌వే. కానీ ఈ ఏడడుగుల పైచిలుకు కుర్రాడు మ్యాచ్‌కి మూడు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడు, ఫ్రీ త్రోల్లో (ఫౌల్ అయినప్పుడు ఇచ్చే షాట్లు) 83 శాతం దాటాడు. ఒలాజువన్‌కి ఆ ఏడాది ఫ్రీ త్రోలు 71 శాతం, త్రీలు ఉన్నా లేనట్టే. సగటు మీద ఆడే లీగ్ అయితే నేను కూడా తల గోక్కుంటాను. మొత్తం మీద ఆడే లీగ్ అయితే 82 మ్యాచ్‌లకి 46 మ్యాచ్‌లు ఎలా సరితూగుతాయి?

ఇంత నీతులు చెప్తున్నానని నన్ను తెలివైనదాన్ని అనుకోకండి. మా డ్రాఫ్ట్‌లో ఒక ఏడాది రెండో రౌండ్‌లోనే బిల్ వాల్టన్‌ని తీసుకున్నాను. 1977లో పోర్ట్‌లాండ్‌ని ఛాంపియన్‌ని చేసిన వాల్టన్, మరుసటి ఏడాది ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు). అంత చక్కగా పాస్ ఇచ్చే సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడగరి) ఇంకెవరున్నారని మురిసిపోయాను. తీరా చూస్తే ఆ ఏడాది మా నియమం కెరీర్ మొత్తం. పాదాల గాయాలతో వాల్టన్ జీవితం మొత్తానికి ఆడింది 468 మ్యాచ్‌లు, అంటే ఆరు పూర్తి సీజన్లు కూడా కాదు. ఆఖరి స్థానంలో వచ్చాను. నియమాల కాగితం రాసింది నేనే.

పొడుగు కుర్రాణ్ని చూసి తొందరపడేవాళ్ల కోసం ఇంకో పేరు చెప్తాను. రాల్ఫ్ శాంప్సన్. ఏడడుగుల నాలుగు అంగుళాలు. 1983లో ఎన్‌బీఏ అసలు డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా తీసుకునేది) హ్యూస్టన్ జట్టు మొదటి పిక్‌గా తీసుకుంది. మొదటి సీజన్లోనే 21 పాయింట్లు, 11 రీబౌండ్లు, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు). ఇక ఇరవై ఏళ్లు లీగ్ ఇతనిదే అన్నారు. మోకాళ్లు సహకరించలేదు, 456 మ్యాచ్‌లతో సరి. మరుసటి ఏడాది అదే హ్యూస్టన్ అదే మొదటి పిక్‌తో తెచ్చుకున్నవాడే మీవాళ్లు అంటున్న ఒలాజువన్. వెంబన్యామా శాంప్సన్ అవుతాడని శాపం పెట్టడం లేదు. అప్పట్లో శాంప్సన్‌ని తీసుకున్నవాళ్లు కూడా తెలివితక్కువవాళ్లేం కాదు, అంతే.

ప్రశ్న: మా నాన్నకి జోర్డాన్ దేవుడు. నాకు లూకా డాంచిచ్ అంటే ఇష్టం. లూకా అంకెలు చూపిస్తే "ఇప్పుడు డిఫెన్స్ ఎక్కడుంది" అంటారు. జోర్డాన్ ఆరు టైటిళ్లు చూపిస్తే నేను నోరు మూసుకోవాలి. ఫాంటసీ లెక్కలో ఎవరు గెలుస్తారో మీరు తేల్చండి. ఓడినవాళ్లు వారం రోజులు గిన్నెలు తోమాలి.
– నాన్న కూతురు

జవాబు: ముందు ఆ ఆరు టైటిళ్లు పక్కన పెట్టించండి. ఫాంటసీలో టైటిల్ గెలిస్తే ఇచ్చే ఉంగరాలకి పాయింట్లు లేవు. లేకపోతే పదకొండు టైటిళ్లున్న బిల్ రసెల్‌ని వదిలి మీ నాన్నగారు జోర్డాన్‌ని ఎందుకు పట్టుకున్నట్టు?

ఇద్దరినీ దాదాపు ఒకే వయసులో చూద్దాం. జోర్డాన్ 1988–89, ఆ సీజన్ మధ్యలో అతనికి 26 నిండాయి. లూకా 2023–24, అతనికి 25 నిండాయి. మామూలుగా ఆడే తొమ్మిది కేటగిరీల లీగ్ అనుకుందాం, ఎక్కువ కేటగిరీలు ఎవరివైతే వాళ్లదే గెలుపు.

పాయింట్లు 33.9తో లూకావి, జోర్డాన్ 32.5. రీబౌండ్లు 9.2కి 8, అసిస్టులు (తోటివాడు బాస్కెట్ వేసేలా అందించిన పాస్‌లు) 9.8కి 8, రెండూ లూకావే. త్రీల సంగతి అడగక్కర్లేదు. లూకా మ్యాచ్‌కి నాలుగు వేస్తే, జోర్డాన్ సీజన్ మొత్తానికి వేసినవి 27. లూకా నాలుగు, జోర్డాన్ సున్నా! ఇక్కడ ఆగి మీ నాన్నగారి మొహం చూడండి.

ఇప్పుడు మిగతావి. షూటింగ్ శాతం జోర్డాన్‌ది 53.8, లూకాది 48.7. ఫ్రీ త్రోలు 85కి 78.6. స్టీల్స్ 2.9కి 1.4, అంటే రెట్టింపు. బ్లాకులు 0.8కి 0.5. టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం) తక్కువుంటే మంచిది కదా, అక్కడ కూడా 3.6తో జోర్డానే మేలు, లూకా 4. మొత్తం అయిదుకి నాలుగు. గిన్నెలు మీవి.

అయితే తోమేటప్పుడు మీరు అనగలిగిన మాట ఒకటుంది. ఆ అయిదులో బ్లాకులు, టర్నోవర్లు వెంట్రుకవాసిలో పోయినవి. ఒక్కటి ఇటు తిరిగినా మీరే గెలిచేవాళ్లు. మీ నాన్నగారికీ ఒకటుంది. లూకా ఆ ఏడాది 70 మ్యాచ్‌లు ఆడితే జోర్డాన్ 81 ఆడాడు.

ఇక డిఫెన్స్ ఎక్కడుంది అన్న మాట. అందులో సగం నిజం. బయట నుంచి వచ్చే ఆటగాడి మీద చెయ్యి వేసి ఆపడాన్ని 2004–05 నుంచి రిఫరీలు గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టారు. అది లూకా లాంటివాళ్లకి కలిసొచ్చింది. కానీ జోర్డాన్ రోజుల్లో జోన్ డిఫెన్స్ కుదిరేది కాదు. బంతి లేనివాణ్ని వదిలేసి అతని దారిలో కాపు కాస్తే ఇల్లీగల్ డిఫెన్స్ అని విజిల్ వేసేవాళ్లు. 2001–02లో ఆ నిబంధన ఎత్తేశారు. ఒకరికి చేతులు అడ్డం, ఇంకొకరికి మనుషులు అడ్డం. ఏది కష్టమో తేల్చమని నన్ను అడక్కండి, గిన్నెల దాకా తేల్చాను చాలు.

ప్రశ్న: విల్ట్ చాంబర్లేన్ ఒక సీజన్లో సగటున 50 పాయింట్లు కొట్టాడట కదా. మరి అందరూ మొదట అతన్నే ఎందుకు తీసుకోరు?
– లెక్కల మాస్టారు

జవాబు: మాస్టారూ, 1961–62లో 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. అంకెలు నిజమే. ఎంత నిజమో చెప్పడానికి మా స్కోర్ టేబుల్ వాళ్లకే హక్కు ఉంది. కాలేజీలో నేను ఆడినదానికంటే టేబుల్ దగ్గర కూర్చుని స్కోరు రాసిందే ఎక్కువ. 1962 మార్చి 2న హెర్షీలో విల్ట్ వంద పాయింట్లు కొట్టాక చేతిలో కాగితం పట్టుకున్న ఫొటో చూసే ఉంటారు. ఆ కాగితం మీద "100" అని రాసిచ్చింది హార్వీ పొలాక్, విల్ట్ జట్టు అంకెలు చూసుకునే మనిషి. మా స్కోర్ టేబుల్ జాతివాడు. ఆ మ్యాచ్‌కి వీడియో లేదు, మిగిలింది రాసినవాళ్ల రాత.

సరే, మీ ప్రశ్న. ఆ రోజుల్లో అందరూ పరుగు మీద ఆడి, తొందరపడి కొట్టి, చాలా తప్పేవాళ్లు. కాబట్టి జట్టుకి మ్యాచ్‌కి 70 దాటి రీబౌండ్లు దొరికేవి. ఇప్పుడు 44 దగ్గర. ఆ వాటా ప్రకారం చూస్తే విల్ట్ 25.7 ఇవాళ 15, 16 మధ్యకి వస్తుంది. అప్పుడు కూడా అందరికంటే పైనే ఉంటాడు, కానీ వేరే గ్రహం మనిషిలా కనపడడు. పైగా అతను మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచే 48 నిమిషాలు! ఓవర్‌టైముల పుణ్యం. ఇవాళ ఏ కోచ్ అయినా అలా ఆడిస్తే జట్టు డాక్టర్ రాజీనామా చేస్తాడు.

అసలు దెబ్బ ఫ్రీ త్రోల దగ్గర. ఆ సీజన్లో మ్యాచ్‌కి 17 ఫ్రీ త్రోలు వేసి 61 శాతం మాత్రమే దింపాడు. ఫాంటసీలో శాతాన్ని జట్టు మొత్తం కలిపి లెక్కేస్తారు కదా. ఎక్కువ వేసేవాడు తక్కువ దింపితే మిగతావాళ్లందరి కష్టాన్నీ మింగేస్తాడు. విల్ట్‌ని తీసుకున్న రోజే ఫ్రీ త్రోలు పంట్ చేసినట్టు, అంటే ఆ కేటగిరీ వదులుకున్నట్టు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎన్‌బీఏలో స్టీల్స్, బ్లాకులు 1973–74 నుంచే రాయడం మొదలుపెట్టారు. టర్నోవర్లు 1977–78 నుంచి, త్రీ పాయింట్ లైన్ వచ్చింది 1979–80లో. విల్ట్, రసెల్ ఎన్ని బ్లాక్ చేశారో అధికారికంగా ఎక్కడా లేదు. మా డ్రాఫ్ట్‌లో 1973కి ముందువాళ్లకి బ్లాకుల దగ్గర సున్నా వేద్దామని ఒకాయన అన్నాడు. రసెల్‌కి బ్లాకులు సున్నా! ఆయనతో నేను రెండు వారాలు మాట్లాడలేదు. ఎవరూ రాయలేదు కాబట్టి జరగలేదంటే టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకి ఒళ్లు మండదా? చివరికి 1979–80కి ముందువాళ్లు వద్దని నియమం పెట్టుకున్నాం. అది వాళ్లకి అవమానం కాదు, ఇలాంటి అవమానం జరక్కుండా కాపాడటం.

ప్రశ్న: నికోలా యోకిచ్‌ని పాతవాళ్లలో వేయాలా, కుర్రాళ్లలో వేయాలా?

జవాబు: మూడు ఎంవీపీలు వచ్చాక కుర్రాడేంటండీ. 2014 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అతన్ని 41వ పిక్‌గా తీసుకున్నారు, ఆ పేరు వచ్చే సమయానికి టీవీలో వ్యాపార ప్రకటన నడుస్తోంది. 2024–25లో ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ పదికి తగ్గకుండా) సగటుతో సీజన్ ముగించాడు. మొదటి రౌండ్‌లో కళ్లు మూసుకుని తీసుకోండి.

ప్రశ్న: మీరు పాత తరం మనిషి. ఏ కుర్రాడు వచ్చినా వాల్టన్, శాంప్సన్ అని గాయాల లిస్టు చదువుతారు. ఒక్క కుర్రాణ్నైనా ముందే గొప్పవాడని ఒప్పుకున్న సందర్భం ఉందా?
– కోపంగా ఉన్న పాఠకుడు

జవాబు: మీ కోపం న్యాయమే. 1996లో ఎన్‌బీఏ యాభై ఏళ్ల సందర్భంగా యాభైమంది గొప్ప ఆటగాళ్ల జాబితా వేసింది. అందులో షకీల్ ఓనీల్ (అందరూ షాక్ అంటారు) ఉన్నాడు. వయసు 24, ఆడినవి నాలుగు సీజన్లు, టైటిళ్లు సున్నా. డొమినిక్ విల్కిన్స్ లాంటివాడికి చోటు దక్కలేదు. ఆ జాబితా చూసి నేను ఎంత తిట్టుకున్నానో మా ఇంట్లోవాళ్లని అడగండి. తర్వాత షాక్ 2000, 2001, 2002, 2006లో నాలుగు టైటిళ్లు గెలిచాడు. విల్కిన్స్‌ని 2021లో వేసిన కొత్త జాబితాలో చేర్చారు. అంటే ఆ ఎంపిక చేసినవాళ్లు షాక్ విషయంలో రైటు, నేను తప్పు.

అలాగని నేను ఎప్పుడూ తప్పే అనుకోకండి. మ్యాజిక్ జాన్సన్ విషయంలో ఎవరైనా వెంటనే ఒప్పుకుంటారు. 1980 ఫైనల్ ఆరో మ్యాచ్‌కి అతని జట్టు సెంటర్ కరీం అబ్దుల్ జబ్బార్ చీలమండ గాయంతో రాలేదు. ఇరవై ఏళ్ల రూకీ గార్డు (బంతి నడిపించే ఆటగాడు) మ్యాజిక్ వెళ్లి సెంటర్ స్థానంలో నిలబడి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో టైటిల్ తెచ్చాడు. అలాంటి సాయంత్రం ఒకటి చూశాక ఇంకో పదేళ్లు ఆగమని చెప్పే మొండితనం నాకూ లేదు.

ప్రశ్న: ఈ ఏడాది మీ డ్రాఫ్ట్‌లో మీరు ఎవరిని తీసుకోబోతున్నారు?

జవాబు: పదిమందిలో నాకు ఆఖరి వంతు వచ్చింది. స్నేక్ డ్రాఫ్ట్ (రెండో రౌండ్‌లో వంతులు వెనక్కి తిరుగుతాయి) కాబట్టి పదో పిక్, పదకొండో పిక్ వెంటవెంటనే నావే. నియమం ఒక్క సీజన్, సగటు లెక్క, ఈసారి కాగితం రెండుసార్లు చదివాను. ఒలాజువన్ అప్పటిదాకా మిగలడు. పదకొండో పిక్‌తో వెంబన్యామాని తీసుకుందామని ఉంది. మా పదిమందిలో ఒకాయన ఈ శీర్షిక చదువుతాడు. తొమ్మిదో వంతు ఆయనది. అందుకే ఈ జవాబు డ్రాఫ్ట్ అయిపోయాకే అచ్చు వేయమని సంపాదకుణ్ని బతిమాలుకున్నాను.