మెలకువ వచ్చిందా, లేచాడా?

అమ్మా,

నువ్వు పంపిన ఇంగ్లీషు కథ శ్రద్ధగా చదివాను. రాత్రి కరెంటు కోసం పొలంలో మోటారు షెడ్డు దగ్గర పడుకునే రైతు తాత గురించి ఇంగ్లీషులో రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. స్టార్టర్ టక్కుమన్న చప్పుడు వినగానే తాత ఊపిరి పీల్చుకునే చోట, నువ్వు ఆ మనిషిని ఎంత దగ్గరగా చూశావో తెలిసిపోతోంది. మూడో పేజీ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

తాత మూడింటికి మేలుకుని, వింటూ అలాగే పడుకున్నాడని చెప్పడానికి అక్కడ "హి గాట్ అప్ ఎట్ త్రీ అండ్ లే లిసెనింగ్" అని రాశావు. తెలుగు చెవికి ఇందులో తప్పేమీ వినపడదు. "మూడింటికే లేచాను, మళ్లీ నిద్ర పట్టక అలాగే పడుకున్నా" అని మన ఇళ్లలో రోజూ అనుకునే మాటే కదా. కళ్లు తెరవడాన్నీ మంచం దిగడాన్నీ మనం లేవడం అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషులో అలా కుదరదు. గెట్ అప్ అంటే మనిషి పక్క మీంచి లేచి నిలబడినట్టే. లేచి నిలబడ్డవాడు పడుకుని ఎలా వింటున్నాడా అని చదివేవాడు అక్కడ ఆగిపోతాడు. నీకు కావాల్సింది వేక్, అంటే మేలుకోవడం. "హి వోక్ ఎట్ త్రీ అండ్ లే లిసెనింగ్" అని రాయి. తర్వాత స్టార్టర్ మోగి, తాత చీకట్లో కాళ్లతో చెప్పులు వెతుక్కుని టార్చి అందుకుంటాడు చూడు, గెట్ అప్ అక్కడ వాడు.

ఇదేదో వ్యాకరణం దిద్దడం అనుకోకు. ఆ రెండు క్రియల మధ్య తాత కదలకుండా పడుకుని ఉన్న సమయమే నీ కథకు ప్రాణం. కరెంటు వస్తుందా, వస్తే మడి తడిసేదాకా ఉంటుందా అన్న టెన్షన్ అంతా అక్కడే ఉంది. గెట్ అప్ ముందే వాడేస్తే ఆ సమయం చేజారిపోతుంది.

మెలకువ గురించి రాసేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. వేక్ క్రియను రెండు రకాలుగా వాడొచ్చు. మనిషి తనంతట తాను మేలుకోవచ్చు, వేరే ఏదైనా అతన్ని లేపొచ్చు. నీ కథలో మోటారు నడుస్తుండగా తాత కునుకు తీస్తాడు, కరెంటు పోగానే కళ్లు తెరుస్తాడు. అక్కడ "హి వోక్ అప్ సడెన్లీ" అని ఊరుకున్నావు. అతన్ని లేపింది మోటారు ఆగిన నిశ్శబ్దం కాదా? "ద సైలెన్స్ వోక్ హిమ్" అను. ఆ సడెన్లీతో ఇక పని ఉండదు.

తెల్లారాక మనవరాలు వచ్చి లేపే చోట "షి వేక్డ్ అప్ హిమ్" అని ఉంది. వేక్డ్ అనే రూపం పాత రాతల్లో, కొన్ని మాండలికాల్లో కనిపిస్తుంది కానీ ఇప్పుడు మామూలుగా నడిచేవి వేక్, వోక్, వోకెన్. హిమ్, హర్ లాంటి సర్వనామం వస్తే దాన్ని మధ్యలో పెట్టాలి: "షి వోక్ హిమ్ అప్". తాత అనే నామవాచకమే వాడితే అప్‌కి ముందు పెట్టినా తర్వాత పెట్టినా సరిపోతుంది.

అవేక్, అవేకెన్ లాంటి వాటితో జాగ్రత్త. ఈ రోజుల్లో అవేక్ ఎక్కువగా మెలకువగా ఉన్న స్థితిని చెబుతుంది. దానికి వెరీ అతకదు, వైడ్ అవేక్ అంటారు. అవేకెన్ కాస్త బరువైన మాట. ఆశ, అనుమానం, పాత జ్ఞాపకం లాంటివి రేగినప్పుడు బాగుంటుంది. నులక మంచం మీద ఆవులిస్తున్న మనిషికి తగిలిస్తే నాటకం డైలాగులా ఉంటుంది. నేనైతే అక్కడ వాడను.

వేక్ పుట్టుక కూడా నీ కథకు పనికొస్తుంది. పాత ఇంగ్లీషులో మేలుకోవడానికి ఒక క్రియ, మేలుకుని ఉండటానికి ఇంకో క్రియ ఉండేవి. కాలక్రమంలో రెండూ కలిసిపోయి వేక్ అయ్యాయి. కాపలా కాయడం అనే అర్థంలో వాడే వాచ్ కూడా ఆ కుటుంబంలోదే. చనిపోయినవాళ్ల దగ్గర రాత్రంతా చేసే జాగారాన్ని ఐర్లాండ్‌లో వేక్ అనేది కూడా అందుకే. మన పత్రికలు "నేపథ్యంలో" అని రాసే "ఇన్ ద వేక్ ఆఫ్" మాత్రం దీని చుట్టం కాదు. అది పడవ వెళ్లాక నీళ్ల మీద మిగిలే చారను చెప్పే వేరే వేక్.

ఇక వోక్. మనవరాలి చేత తాతను "సో వోక్" అనిపించావు. నల్లజాతి అమెరికన్ల వాడుకలో ఆ మాట జాగ్రత్తగా మసలుకోమనే హెచ్చరిక. అలబామాలో 1931లో చేయని నేరం మోపి తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను జైల్లో పెట్టారు. వాళ్ల మీద పాట రికార్డు చేసిన నల్లజాతి గాయకుడు లెడ్ బెల్లీ 1938లో దాని గురించి చెబుతూ, అటు వెళ్లే తనవాళ్లతో "స్టే వోక్", అంటే మెలకువగా ఉండండి, అన్నాడు. ప్రాణభయం నుంచి వచ్చిన మాట అది. సమాజంలోని వివక్ష, అన్యాయాల పట్ల మెలకువగా ఉండటం అనే కొత్త అర్థం 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కింది. ఇప్పుడు కొందరు దాన్ని పొగడ్తగా, ఇంకొందరు వెక్కిరింతగా వాడుతున్నారు. చదువుకుంటున్న ఆ పిల్ల నోట ఆ మాట రావడం సహజమే, ఉంచు. కానీ మెచ్చుకుంటోందో ఎగతాళి చేస్తోందో ఆ ముందు వాక్యంలోనే తెలిసిపోవాలి.

మూడో పేజీ, మనవరాలు వచ్చే ఆ చివరి సన్నివేశం, ఈ రెండే మార్చి పంపు. మోటారు షెడ్డు వర్ణన జోలికి మాత్రం పోకు, అది అలాగే ఉండాలి.

ఆశీస్సులతో.