పెరటి వంటపాకలో పింగాణీ కూజా పెడితే నీళ్లు ఎందుకు చల్లబడవు?

పింగాణీ మీది నున్నటి పూత నీటిని బయటికి ఊరనివ్వదు కాబట్టి చల్లబడవు. మట్టికుండ చల్లదనమంతా ఆ ఊరే చెమ్మదే. ఒక గ్రాము నీరు ఆవిరవ్వాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి, అందులో చాలావరకు లోపలి నీళ్లలోంచే లాక్కుంటుంది.

గాలి పొడిగా ఉండాలి, అదే అసలు సంగతి. మే నెలలో పొడి గాలి ఉండే సిరొంచలో పూత లేని కుండను తాకితే వేళ్లకు చెమ్మ అంటుతుంది, కింద ఇసుక తడిసిపోతుంది, నీళ్లు జిల్లుమంటాయి. అదే కుండ సముద్రపు ఉక్కపోత ఉండే బరంపురంలో అంతగా చల్లబరచలేదు, కుండ మంచిదే అయినా సరే.

నీడ ఉంటే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గాలి ఆడాలి, పొయ్యి సెగ తగలకూడదు. కుండ కారుతోందనుకుని బయట పెయింట్ వేయిస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి, రంధ్రాలు మూసుకుపోతాయి.