కెజియా తంగేడు కాదమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. నాయనమ్మ మాటతీరు బాగుంది. మూడో పేజీలో పాస్టరుగారు బతుకమ్మను చూపించి "కెజియా అంటే ఈ తంగేడుపువ్వే" అనేసరికి మాత్రం ఒళ్లు మండింది.

నిఘంటువులో కెజియా అనే పేరుకి 'కాసియా' అని అర్థం చూసి ఉంటావు. తంగేడుకి పాత శాస్త్రీయనామం కాసియా ఆరిక్యులేటా, రేలకి కాసియా ఫిస్టులా. ఆ కాసియానీ ఈ కాసియానీ ముడేశావు. పేర్ల అర్థాల పట్టికలు చూసి కథలు అల్లడం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది.

బైబిల్లో యోబు గ్రంథం 42వ అధ్యాయంలో, యోబు కష్టాలు గట్టెక్కాక పుట్టిన ముగ్గురు కూతుళ్లలో రెండో పిల్ల కెజీయా. హీబ్రూలో కెత్సియా. గీకడం, ఒలవడం అనే ధాతువు నుంచి వచ్చిందంటారు. అంటే ఒలిచిన బెరడు, దాల్చిన చెక్కకు దాయాది; ఇంగ్లీషులో కాసియా అనేది దీన్నే. ఏ జాతి చెట్టన్నదాని మీద పండితుల్లో పేచీ ఉంది గానీ, తంగేడని ఎవరూ అనలేదు. 45వ కీర్తనలో రాజు బట్టల వాసనలు చెబుతూ గోపరసం, అగరు తర్వాత మన బైబిల్లో 'లవంగిపట్ట' అన్నది దీన్నే. నిర్గమకాండం 30లో అభిషేక తైలానికి 500 తులాలు వేసినది మాత్రం 'కిద్దా', హీబ్రూలో వేరే మాట. దాన్నీ కాసియా అనే అనువదిస్తారు కాబట్టి తైలం సంగతి కెజియాకి అంటగట్టకు.

మాట వాడేముందు వస్తువును చేత్తో పట్టుకోవాలి. కిరాణా కొట్టులో మసాలా చెక్క అడుగు. చాలాచోట్ల ఇచ్చేది కాసియాయే. మందంగా, గరుకుగా, ముదురు గోధుమరంగులో, ఒకే పొర రెండంచుల నుంచీ లోపలికి చుట్టుకుని ఉంటుంది. విరిస్తే ఠప్పుమంటుంది, రోకలి లేకుండా నలగదు. సిలోన్ చెక్క, అంటే అసలు దాల్చిన చెక్క, అలా కాదు. పైబెరడు గీకేసి, పల్చటి లోపొరలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఎండబెడతారు. వేళ్లతో నలిపితేనే పొడి అవుతుంది, వాసన మెత్తన. కాసియా ఘాటు, నాలుక మీద చురుక్కుమంటుంది. తంగేడు బెరడు కూడా ఒలుస్తారు, తోళ్లు ఊనడానికి. దాన్ని మసాలాలో ఎవరూ వెయ్యరు.

ఈ గరుకూ, ఠప్పూ కథలోకి రావాలి. వస్తే ఏ సంపాదకుడో కొట్టేసి 'సుగంధ పరిమళం' అని పెడతాడు, వాళ్లకదో జబ్బు. ఒప్పుకోకు.

బతుకమ్మ సన్నివేశం ఉంచు, పేరుకి ముడిపెట్టకు. నాయనమ్మ పలావుకి చెక్క దంచుతుండగా పాస్టరుగారు వస్తే సరిపోతుంది. తిరగరాసి పంపు.