ఫ్రాటర్నిటీలో చేరకపోతే ఒంటరినేనా?

ప్రశ్న: ఆగస్టులో అమెరికాలో బీఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నాను. అక్కడున్న సీనియర్ ఒకరు ‘ఫ్రాటర్నిటీలో చేరకపోతే నాలుగేళ్లూ రూమ్‌లో కూర్చోవాల్సిందే’ అంటున్నారు. నిజమేనా? ఖర్చెంత?
– ఒక విద్యార్థి, కావలి

జవాబు: ఫ్రాటర్నిటీ అంటే అబ్బాయిల విద్యార్థి సంఘం, దానికి చాలాచోట్ల సొంత ఇల్లు ఉంటుంది. చేరాలా వద్దా అన్నది కాలేజీని బట్టి ఉంటుంది. చుట్టూ పొలాలే ఉన్న క్యాంపస్‌లో శనివారం సందడంతా ఆ ఇళ్ల దగ్గరే ఉండొచ్చు. పెద్ద నగరాల్లో చాలామంది వాటిని పట్టించుకోరు. అసలు లేని కాలేజీలూ ఉన్నాయి.

గ్రీకు అక్షరాల పేరుతో 1776లో పుట్టిన మొదటి సంఘం ఫై బీటా కప్పా ఇప్పుడు బాగా చదివేవారికి దక్కే గౌరవం మాత్రమే. మీ సీనియర్ చెబుతున్నవి వేరు. అబ్బాయిలవి ఫ్రాటర్నిటీలు, అమ్మాయిలవి సొరారిటీలు. సెమిస్టర్ మొదట్లో ‘రష్’ పెడతారు. ఇల్లిల్లూ తిరిగి పరిచయాలు చేసుకోవాలి, నచ్చితే వాళ్లు ‘బిడ్’ (చేరమనే ఆహ్వానం) ఇస్తారు. ఆపైన కొన్ని వారాలు కొత్త సభ్యుడిగా గడిపాకే పూర్తి సభ్యత్వం. కొన్ని కాలేజీలు మొదటి సెమిస్టర్లో చేరనివ్వవు. మంచి నియమమే. మీ కాలేజీలో అది లేకపోయినా ఒక సెమిస్టర్ ఆగి, మార్కులు చూసుకుని నిర్ణయించుకోండి.

ఖర్చు చాప్టర్‌ని (మీ కాలేజీలోని శాఖని) బట్టి సెమిస్టర్‌కు కొన్ని వందల డాలర్ల నుంచి వేల దాకా ఉంటుంది. పైకి చెప్పే డ్యూస్‌తో (సభ్యత్వ రుసుముతో) మోసపోవద్దు. కొత్త సభ్యుల ఫీజు, జాతీయ సంస్థ ఫీజు, బీమా, బ్యాడ్జి, టీషర్టులు, మీటింగ్ ఎగ్గొడితే జరిమానా అన్నీ కాగితం మీద రాసిమ్మనండి. ఏడాదిపాటు ఆ ఇంట్లోనే ఉండాలనే షరతు ఉందేమో కూడా అడగండి. అప్పటికే డార్మ్ (కాలేజీ హాస్టల్) కాంట్రాక్టు మీద సంతకం పెట్టి ఉంటే రెండు అద్దెలు మీద పడతాయి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు కాబట్టి ఆ జీతంతో ఇదంతా కట్టేస్తానని లెక్కేసుకోకండి.

డెల్టా ఎప్సిలాన్ సై (1998, టెక్సస్ వర్సిటీ, ఆస్టిన్), బీటా కై థీటా (1999, కాలిఫోర్నియా వర్సిటీ, లాస్ ఏంజిలెస్) లాంటి దక్షిణాసియా ఫ్రాటర్నిటీలూ ఉన్నాయి.

నిజానికి ఫ్రాటర్నిటీ అమ్మేది ఒక్కటే: ప్రతివారం అవే ముఖాలు కనబడటం. దాన్ని ఉచితంగానూ ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటి రెండు వారాల్లో క్లబ్‌ల మేళా జరుగుతుంది. పది చోట్ల పేరిస్తే పది ఈమెయిళ్లే మిగులుతాయి. రెండే ఎంచుకోండి. రెండూ వారంలో ఫలానా రోజని కలిసేవై ఉండాలి, చేతికి పని ఉండాలి: ఇంట్రామ్యూరల్ (కాలేజీలో విద్యార్థుల మధ్యే జరిగే ఆటల) జట్టు, రోబోటిక్స్, క్యాంపస్ రేడియో. ఒకదాంట్లోనైనా తెలుగువాళ్లు లేకుండా చూసుకోండి. మొదటి రెండు మూడుసార్లు ఎవరూ పలకరించకపోవచ్చు. ఆరు వారాలు మానకుండా వెళ్లాకే బాగుందో లేదో తేల్చండి.

భారతీయ విద్యార్థుల సంఘంలో దీపావళికి హాలు నిండిపోతుంది. ప్రేక్షకుడిగా వెళ్తే తిని రావడమే. స్టేజీ కట్టే బృందంలోనో భోజనాల దగ్గరో పని తీసుకుంటే నెలంతా అదే గుంపుతో తిరుగుతారు.

మనవాళ్లు రాత్రి తొమ్మిదికి తింటారు. అక్కడ డైనింగ్ హాల్ ఆరు గంటలకే కిటకిటలాడుతుంది. తొమ్మిదికి వెళ్తే ఖాళీ బల్లలే, అసలు తెరిచి ఉంటే. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అని ఎవరైనా అంటే చాలాసార్లు అది వీడ్కోలు మాటే. ‘గురువారం ఆరింటికి డైనింగ్ హాల్లో’ అని మీరే అడగాలి.

ప్రశ్న: మా అమ్మాయి సొరారిటీలో చేరతానంటోంది. ర్యాగింగ్ ఉంటుందా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అక్కడ దాన్ని హేజింగ్ అంటారు, ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చినట్టు, అక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల వివరాలను కాలేజీలు బయటపెట్టాలి. చేరేముందు ఆ నివేదికలో ఈ సంఘం పేరుందేమో అమ్మాయినే వెతకమనండి. ‘రహస్యం, ఇంట్లో చెప్పకూడదు’ అన్నా, రాత్రంతా మేలుకోబెట్టినా, తాగమన్నా బయటికి వచ్చేయాలి. పూర్తి సభ్యత్వానికి ముందే మానేయవచ్చు, కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాకపోవచ్చు.

సొరారిటీ ఇళ్లలో సాధారణంగా మద్యానికి తావులేదు. పార్టీలు ఫ్రాటర్నిటీ ఇళ్లలో జరుగుతాయి, జాగ్రత్త అక్కడ కావాలి. 21 ఏళ్లు నిండకుండా తాగడం అక్కడ నేరం. తాగి కారు నడిపి అరెస్టయితే కేసు తేలకముందే వీసా రద్దు కావచ్చు. స్నేహితురాలితో కలిసి వెళ్లడం, కలిసే తిరిగి రావడం, తన గ్లాసు కింద పెట్టకపోవడం అలవాటు చేసుకోమనండి. తిట్టి పంపితే ఆపదలో ఫోన్ చేయదు.

ప్రశ్న: ఎంఎస్‌కి వెళ్తున్నాను. నాకూ ఇవన్నీ అవసరమా?
– ఒక ఇంజనీరు, నెల్లూరు

జవాబు: ఫ్రాటర్నిటీలు ప్రధానంగా బ్యాచిలర్స్ వాళ్లవి, వదిలేయండి. ఎంఎస్‌లో చిక్కు వేరు: నలుగురు తెలుగువాళ్లు ఒక అపార్ట్‌మెంట్ తీసుకుని, వంతులవారీగా వండుకుని, రెండేళ్లూ అక్కడే గడిపేస్తారు. అద్దె కలిసొస్తుంది, ఇంగ్లీషు రాదు. మీ డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ విద్యార్థుల సంఘంలో చేరండి, మధ్యాహ్నం ల్యాబ్‌లో వాళ్లతో కలిసి ఒకే బల్ల దగ్గర భోజనం చేయండి. వాళ్లను మీ ఇంటికి భోజనానికి పిలిస్తే పచ్చడిలో, కూరల్లో వేరుశనగ పడిందేమో ముందే చెప్పండి. ఆ ఎలర్జీ ఉన్నవారికి అది ప్రాణం మీదకు వస్తుంది.