పెగ్గీ లీ రాసిన చరణాలు

చిరంజీవికి ఆశీస్సులు.

పెగ్గీ లీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం ఒక్క బిగిన చదివాను. జాజ్ గాయనుల మీద తెలుగులో రాయడానికి పూనుకున్నందుకే ముందు నాకు చాలా సంతోషం. అయితే ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ల వయసులో తల్లి పోవడం, నాలుగు పెళ్లిళ్లు, ఒంటరితనం అన్నీ ఉన్నాయి గానీ, ఆమె చేసిన పని కనిపించలేదు. ఆమె పాడటమే కాదు, పాటలు రాసింది కూడా. ఆ సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు.

1941లో పామ్ స్ప్రింగ్స్‌లో డాల్ హౌస్ అనే క్లబ్బులో జనం ఒకటే గోల చేస్తుంటే, ఆమె గొంతు పెంచలేదు, తగ్గించింది. ఏం పాడుతోందో వినపడక జనమే మాటలు ఆపారు. జాజ్ బ్యాండ్ నాయకుడు బెన్నీ గుడ్‌మన్ ఆమెను తన బృందంలోకి తీసుకున్నదీ ఆ ఏడాదే.

1958 నాటి ‘ఫీవర్’ తీసుకో. రెండేళ్ల ముందు లిటిల్ విల్లీ జాన్ శాక్సోఫోన్లతో పాడిన పాట అది. ఆమె రికార్డులో బేస్, డ్రమ్స్, చిటికెలు తప్ప ఇంకేం లేవు. రోమియో జూలియట్ చరణం, పోకహాంటస్ చరణం ఆమె చేర్చినవే. రాసినందుకు పేరు మాత్రం రాలేదు. రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి విను. ఎక్కడెక్కడ ఏ వాద్యం తగ్గిందో, ఏ మాట మారిందో కాగితం మీద రాసుకో. “మత్తెక్కించే గొంతు” అని రాశావు కదా, ఆ మత్తు ఎలా పుట్టిందో పాఠకుడికి అప్పుడు చెప్పగలుగుతావు.

ఇక డిస్నీ కేసు. ‘లేడీ అండ్ ది ట్రాంప్’ (1955) సినిమాకు సంగీతకారుడు సోనీ బర్క్‌తో కలిసి పాటలు రాసింది, నాలుగు పాత్రలకు గొంతూ ఇచ్చింది. 1980లలో ఆ సినిమా వీడియో క్యాసెట్లుగా వచ్చి విపరీతంగా అమ్ముడైంది. జనానికి అమ్ముకునే రికార్డులూ ట్రాన్స్‌క్రిప్షన్లూ (అంటే నకళ్లు) చేసే హక్కు డిస్నీ సంస్థకు ఇవ్వడం లేదని ఆమె పాత ఒప్పందంలో ఒక షరతు ఉంది. క్యాసెట్టూ దాని కిందికే వస్తుందని 1988లో కోర్టుకెక్కి, 1991లో సుమారు 23 లక్షల డాలర్లు గెలుచుకుంది. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు! దీన్ని నువ్వు ఫుట్‌నోట్‌లో పెట్టావు. నేనైతే వ్యాసం ఇక్కడే మొదలుపెడతాను. రాసిన మాట ఎవరి సొత్తు అన్న ప్రశ్న ఆమె కెరీర్ పొడుగునా ఉంది.

పుట్టిన ఊరు, అవార్డులు రెండు వాక్యాల్లో సరిపెట్టు. ఆత్మకథ తప్పకుండా చదువు, కానీ తేదీలు పాత పత్రికలతో సరిచూసుకో. పెళ్లిళ్ల సంగతికొస్తే డేవ్ బార్బర్ దగ్గర కాసేపు ఆగు. అతను గిటారిస్టు, ఆమెతో కూర్చుని పాటలు కట్టినవాడు. మిగతా ముగ్గురినీ ఒక వాక్యంలో కానిచ్చెయ్. తిరగరాశాక మళ్లీ పంపు, టెన్షన్ పడకుండా నిదానంగానే.